కుండీ పైకెత్తమన్న మనిషి

ఆ వారంలో మూడో ఆకు కూడా పసుపెక్కింది.

కృపాజ్యోతికి కాలు ఒకచోట నిలవలేదు. వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి. వచ్చినప్పుడల్లా కుండీలో చెంబెడు నీళ్లు.

ఆకుపచ్చ మీద తెల్లమచ్చలున్న పెద్దాకుల మొక్క అది. పాప పుట్టాక ఆమె బడి ఉద్యోగం మానేసినప్పుడు తోటి టీచర్లు ఇచ్చారు. భర్త స్టాన్లీ అచ్యుతాపురంలోని కంపెనీకి షిఫ్టులకి పోతాడు. అనకాపల్లి గవరపాలెంలోని ఆ అద్దె మేడమీద పగలంతా మిగిలేది ఆమె, పదినెలల రోజలిన్, ఆ మొక్క.

పూడిమడక నుంచి వచ్చే మరిడమ్మ గుమ్మంలో చేపల తట్ట దించింది. నెల్లాళ్లుగా వారానికి రెండుసార్లు వస్తోంది. ఆమే మొక్కని చూసి చెప్పింది.

"నీళ్లెక్కువై ఏరు కుళ్లిపోతంది తల్లీ. మట్టిలో ఏలు పెట్టి సూడు. పొడిగా తగిలితేనే పొయ్యి."

ఎండ సూటిగా పడని కిటికీ పక్కకి జరపమంది. ఆకుల్ని తడిగుడ్డతో తుడవమంది. తట్ట ఎత్తుకున్నాక ఇంకో మాట అంది.

"పాప పాకుతంది. ఆ కుండీ పైకెట్టెయ్. దాని పాలు మంచివి కావు."

కృపాజ్యోతి మొదటి మాటలన్నీ విన్నది, ఆఖరిది వినలేదు. పది రోజుల్లో లేత ఆకు చుట్ట చుట్టుకుని పైకి వచ్చింది. బాగుపడ్డ మొక్కని కదపడానికి మనసొప్పలేదు. మరిడమ్మ వచ్చిన ప్రతిసారీ కుండీ సంగతే ఎత్తుతుంటే, దీని కన్ను మొక్క మీద పడిందనుకుంది.

ఒక ఉదయం డాబా మీద బట్టలు ఆరేస్తుంటే పాప కేక వినిపించింది.

పరుగున కిందికి వచ్చేసరికి మరిడమ్మ హాలు మధ్యలో ఉంది. పాపని మోచేతి మీద బోర్లా వేసుకుని నోట్లో వేళ్లు పెట్టి తిప్పుతోంది. నేలంతా నీళ్లు. పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

చేపలు పట్టుకునే చేతులు పాప నోట్లో.

కృపాజ్యోతి పాపని లాక్కుంది. మరిడమ్మ ఏదో చెప్పబోతే చెప్పనివ్వలేదు. నోటికి వచ్చినన్ని మాటలు అంది. ఇంకెప్పుడూ తన గుమ్మం తొక్కవద్దంది.

మరిడమ్మ తట్ట ఎత్తుకుంది. మెట్ల దగ్గర మాత్రం ఆగింది.

"డాక్టరు కాడికి తీసుకెళ్లు తల్లీ. ఆలిస్యం సెయ్యకు."

అరగంటలో పాప పెదవులు ఉబ్బాయి. కుండీ వెనక, పంటిగాట్లతో ఒక ఆకుముక్క కనిపించింది.

డాక్టరు ఆ ముక్కని చూసి తల ఊపాడు. ఆ పసరుకి నోరు పొక్కిపోతుందన్నాడు. వెంటనే ముక్క తీసి నోరు కడగబట్టి సరిపోయింది, లేకపోతే వాపు గొంతులోకి దిగేదన్నాడు.

"మంచి పని చేశారమ్మా."

కృపాజ్యోతి తల ఎత్తలేకపోయింది.

పాప తేరుకుంది. మరిడమ్మ రాలేదు. మెట్ల మీద ఎవరి అడుగు వినిపించినా కృపాజ్యోతి లేచి తలుపు తీసేది. పాలమనిషి, కరెంటు బిల్లు మనిషి, కింది వాటా వాళ్లు.

రెండు వారాలు చూసి, ఆదివారం ఆరాధన అయ్యాక స్టాన్లీని బయల్దేరదీసింది. పాపని ఎత్తుకుని షేర్ ఆటోలో పూడిమడక వెళ్లారు.

మరిడమ్మ గుడిసెకి తాళం వేసి ఉంది. పక్కింటి పైడితల్లి ఇసకలో ఎండుచేపలు తిరగేస్తోంది. మరిడమ్మ తమ్ముడి దగ్గరికి ఒడిశాలోని పారాదీప్ వెళ్లిపోయిందని, ఇక రానని చెప్పిందని అంది.

కృపాజ్యోతి జరిగినదంతా దాచకుండా చెప్పింది. ఆ మొక్క గురించి మరిడమ్మకి ఎలా తెలుసని అడిగింది.

పైడితల్లి చేతిలోని చేప పక్కన పెట్టి పాప వంక చూసింది.

"సేపలమ్మడం దానికో వంకమ్మా. ఇశాకపట్నంలో అది పనిసేసే బంగళాలో దాని మనవరాలు ఆ ఆకే నమిలి ఊపిరాడక పోనాది, అప్పట్నించి అనకాపల్లిలో పాకే పిల్లలున్న గుమ్మాలు ఎతుక్కునెతుక్కుని తట్ట దించేది."