ఒక్కపూట శిక్షణ

“రెప్ప వేయకుండా వింటాండారు. ఇట్లాంటి క్లాసు నాకు యాడా దొరకలేదు సార్,” అంది పాఠం చెప్పడానికి వచ్చిన యామిని.

ఫ్యాక్టరీ యజమాని భూపేష్ నవ్వబోయాడు. నవ్వు రాలేదు. చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది.

బనగానపల్లె దాటాక రోడ్డు పక్కన ఉండే నాపరాళ్ల ఫ్యాక్టరీ అది. పనివాళ్లకు జాగ్రత్తలు నేర్పించమని ప్రభుత్వం యజమానులకు డబ్బిస్తోంది. భూపేష్‌కు ఆ సాయం అంది ఏడాది దాటింది. క్లాసు మాత్రం పెట్టలేదు. ఈ పొద్దున ఉన్నట్టుండి కర్నూలులోని శిక్షణ సంస్థకు ఫోన్ చేసి, ఎవరినైనా సరే వెంటనే పంపమన్నాడు. యామినిని గేటు దగ్గరే కారులోంచి దించి, నేరుగా ఈ ఆఫీసు గదిలోకి తీసుకొచ్చాడు.

గోడకు కట్టిన బ్యానర్ మీద పోయిన నెల తేదీ ఉంది. ఆమె అడిగింది. అప్పుడే పెట్టాల్సిన క్లాసు మేడమ్, పనుల్లో పడి ఆగిపోయింది అన్నాడు. ఆమె మొహం చిట్లించింది గానీ ఊరుకుంది. ఇలాంటివి ఆమెకు కొత్త కాదు.

క్రేన్ నడిపే రామాంజి ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. మేడమ్ రాకముందు భూపేష్ చెప్పిన మాటలే అతని చెవిలో తిరుగుతున్నాయి.

“ఎవరొచ్చి అడిగినా, మాకు అన్నీ ముందే నేర్పించినారు అనాల. ఒక్కడు నోరు జారినా ఫ్యాక్టరీకి తాళం పడ్తాది. ఆపైన మీరు యాడికి పోతారో మీ ఇష్టం.”

యాడికి పోతాడు? కోడుమూరు దగ్గరి చేను బీడు పెట్టే కదా ఇక్కడికి వచ్చింది. ఇంట్లో భార్య రమణికి నెలలు నిండాయి.

రాయి కోసే రంపాలు ఆగిపోయి ఉన్నాయి. పగటిపూట ఆ ఫ్యాక్టరీ అంత నిశ్శబ్దంగా ఉండడం రామాంజి ఎన్నడూ ఎరగడు. భూపేష్ తెప్పించిన బిరియానీ పొట్లాలు బల్ల మీద చల్లారిపోతున్నాయి. ఎవరూ వాటివైపు చూడటం లేదు.

“బండ గొలుసుకు వేలాడతా ఉన్నప్పుడు మనిషి యాడ నిలబడాల? నువ్వు చెప్పన్నా,” అంది యామిని.

రామాంజి లేచాడు.

“దూరంగా.”

“కింద నిలబడొచ్చా?”

“నిలబడగూడదు మేడమ్.”

“గొలుసు అరిగిపోయినట్టు కనబడితే?”

“మార్చమని సార్‌కు చెప్పాల.”

“ఎప్పుడన్నా చెప్పినావా?”

“చెప్పినా మేడమ్. శానాసార్లు.”

భూపేష్ గట్టిగా దగ్గాడు. వెనక వరుసలో, బండలు కడిగే సోమక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

“ఏమైందమ్మా?”

“ఆమెకు ఒంట్లో బాగలేదులే మేడమ్,” అన్నాడు భూపేష్. “మీరు కానీండి.”

యామిని ఒక్కొక్కరి మొహం చూసింది. ఎవరూ తలెత్తలేదు.

“సరే. ఈడ బండలకు గొలుసు తగిలించేది ఎవరు?”

పైన ఫ్యాను కిరకిరమంటూ తిరుగుతోంది.

“పుల్లన్న,” అంది సోమక్క.

“ఏడీ?”

“ఊరికి పోయినాడు,” అన్నాడు భూపేష్.

“ముందు నేర్పాల్సింది అతనికే కద సార్. అతను లేకుండా ఈ క్లాసు దేనికి?” యామిని సంచి భుజాన వేసుకుంది. “పోనీ, పదండి. క్రేన్ దగ్గర చూపిస్తా. కండ్లతో చూస్తే గుర్తుంటాది.”

“కరెంటు లేదు మేడమ్.”

ఆమె తలెత్తి తిరుగుతున్న ఫ్యాను వైపు చూసింది. తర్వాత భూపేష్ వైపు చూసింది. అతను అప్పటికే వెనక తలుపుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“ఫొటోలు తీసుకున్నాం కదా, చాలు. కారు రెడీగా ఉండాది. మిమ్మల్ని దింపొస్తారు.”

“క్రేన్ చూడకుండా, వీళ్లకు నేర్పించినానని నేను చెప్పలేను సార్.”

రామాంజి ఇంకా నిలబడే ఉన్నాడు. క్రేన్ బటన్ నొక్కే కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు.

భూపేష్ అతని దగ్గరకొచ్చి చెవిలో అన్నాడు. “కూచో రామాంజీ. నీ పెండ్లాం కాన్పు సంగతి నేను చూసుకుంటా. పెద్దాసుపత్రిలోనే చేయిస్తా. కూచో.”

కూర్చుందామనే అనుకున్నాడు రామాంజి. కానీ రమణి కళ్ల ముందు మెదిలింది. సాయంత్రం ఇంటికి పోతే, ఈ పొద్దు ఏం చేసినావని అడుగుతుంది. రోజూ అడిగేదే. క్లాసులో కూచున్నానని చెప్పాలా?

అతను భూపేష్‌ను దాటుకుని వెనక తలుపు దగ్గరికి నడిచాడు.

“రామాంజీ!”

ఆగలేదు. సోమక్క లేచింది. ఆమె వెంట మిగతావాళ్లు ఒక్కొక్కరే లేచారు.

“ఏముందన్నా అక్కడ?” అడిగింది యామిని.

“క్రేన్ చూపించమంటిరి కదా మేడమ్,” అన్నాడు రామాంజి. “నేనే నడిపేది.”

గడియ తీసి తలుపు తోశాడు. ఎండ గదిలోకి తోసుకొచ్చింది.

పొద్దున గొలుసు తెగి పడిన బండను భూపేష్ ఇంకా ఎత్తనివ్వలేదు, పుల్లన్న దాని కిందే ఉన్నాడు.