ఏడో నంబరు సీసా

“ఆ బర్నర్ ఆర్పేసి కాగితం తియ్యరా అల్లుడూ. అది బేరియం క్లోరైడు,” అన్నాడు మామ, పెదవులు కదలకుండా.

అల్లుడు పరీక్షనాళికను వెలుతురుకు పట్టి చూస్తూనే ఉన్నాడు. “ఏదీ కుదరడం లేదు మామా. ఆసిడ్ పోసినా అడుక్కి ఏమీ దిగలేదు. మంటకు రంగూ రాలేదు.”

“రాకపోతే వచ్చిందని రాయి. రంగు రావాల్సింది మంటకు కాదు, మన కాగితానికి.”

“చూడనిది చూశానని ఎలా రాయను?”

“నువ్వు చూడకపోతే ఏం? నీ ముందు బ్యాచీ చూసింది. దాని ముందు బ్యాచీ చూసింది. వాళ్లందరికంటే నీ కళ్లు గొప్పవా?”

వరసకు మేనమామా మేనల్లుళ్లే అయినా, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నిలబడి, ఒకే సీసా ముందు పెట్టుకుని, ఒకే కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష రాస్తున్నారు. మామ దీన్ని ఇప్పటికి మూడుసార్లు తప్పాడు. ఈసారి కూడా తప్పితే చదువు కట్టిపెట్టి తన సిమెంటు కొట్లో చేరాలని బావ తేల్చి చెప్పాడు. ఆ బావ ఈ అల్లుడి తండ్రే. ఆయన కింద పనిచేయడం కన్నా ఆ బస్తాల కింద పడుకోవడం సుఖమని మామ అభిప్రాయం.

అయితే తప్పడంలోనూ ఒక విద్య ఉంది. ఆ లాబ్‌లో ఏ నంబరు సీసాలో ఏ లవణం ఉంటుందన్నది ఏళ్ల తరబడి మారలేదు. పాసైనవాళ్లకు ఆ రహస్యంతో పనిలేదు గనుక, తప్పినవాళ్లే దాన్ని తప్పబోయేవాళ్లకు నోటిమాటగా అప్పగిస్తూ వచ్చారు. ఏడో నంబరు బేరియం క్లోరైడు. ఎవరూ సందేహించలేదు, కాబట్టి ఎవరూ పరిశీలించనూ లేదు. లోకంలో చాలా సత్యాలు ఇలాగే దీర్ఘాయుష్మంతులవుతాయి.

మామ సీసా మూత కూడా తీయలేదు. అద్దంలోంచి తెల్లని పలుకుల్ని ఒక్కసారి చూసి, గుర్తుపట్టినట్టు తల ఆడించి, కాగితం నింపేశాడు. సీసాలన్నీ కొత్తగా కడిగినట్టు తళతళలాడుతున్నాయి. బయటి కాలేజీ నుంచి ఎగ్జామినరు వచ్చినప్పుడు ఆమాత్రం శుభ్రత మామూలే అనుకున్నాడు.

ఆ ఎగ్జామినరు గది చివర కూర్చుని ఫ్లాస్కు మూతలో టీ పోసుకున్నాడు. ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, పక్కన పెట్టేశాడు. ముందు అల్లుడిని పిలిచాడు.

“ఏమీ తేలలేదని రాశావేం?”

“తేలలేదు సార్. చేసినవన్నీ వరసగా రాశాను. అదేమిటో మాత్రం తెలియలేదు.”

“సరే, అక్కడ కూర్చో.”

అల్లుడు మొహం వేలాడేసుకుని వెళ్లి కూర్చున్నాడు. మామకు జాలి వేసింది. సిమెంటు కొట్లో బావ తన కోసం వేయించిన కుర్చీలో ఇక వీడే కూర్చుంటాడు. ఎలాగూ వీడి తండ్రి కొట్టే కదా, న్యాయమేననుకుని ఆ జాలిని అక్కడితో ఆపి, ఎగ్జామినరు ముందుకు నడిచాడు.

“మంట ఏ రంగులో వచ్చింది?”

“లేత ఆకుపచ్చ సార్. పచ్చి ఆపిల్ ఉంటుంది చూడండి, అచ్చం అలా.”

“నువ్వు కళ్లారా చూశావా?”

“రెప్ప వెయ్యలేదు సార్.”

“సల్ఫ్యూరిక్ ఆసిడ్ కలిపితే?”

“తెల్లగా అడుక్కి దిగింది సార్. పాలు విరిగినట్టు.”

“పాలు విరిగినట్టు!” ఎగ్జామినరు కళ్లద్దాలు సర్దుకున్నాడు. “ఇంత చక్కటి ఫలితాలు నేను పుస్తకంలో తప్ప ఎక్కడా చూడలేదయ్యా.”

“చెయ్యి తిరగాలి సార్. కొందరికి అంత ఓపిక ఉండదు,” అంటూ మామ అల్లుడివైపు ఓరగా చూశాడు.

“ఏ మూలైనా అనుమానం ఉంటే చెప్పు. ఇంకా టైముంది. మళ్లీ చేసి చూసుకో, నేనేమీ అనుకోను.”

“అక్కర్లేదు సార్. అది బేరియం క్లోరైడు కాకపోతే ఈ చదువు మానేసి సిమెంటు బస్తాలు మోస్తాను.”

“అంత మాట దేనికిలే. రుచి చూశావా?”

మామ ఒక అడుగు వెనక్కి వేశాడు. “భలేవారే సార్. అది విషం. చిటికెడు లోపలికి పోయిందంటే మనిషి దక్కడు.”

“ఆ సీసా ఇలా పట్రా.”

మామ దాన్ని చేతిరుమాలుతో పట్టుకుని, చేయి బారజాపి, ఊపిరి బిగబట్టి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎగ్జామినరు జేబులోంచి చెంచా తీసి శుభ్రంగా తుడుచుకున్నాడు. సీసా మూత తీసి, రెండు చెంచాలు టీలో వేసుకుని, తీరిగ్గా కలిపి, ఒక గుక్క తాగాడు.

“ఇంకో అరచెంచా విషం పడాలోయ్,” అన్నాడు.