తల మీద చెయ్యి

ఫ్యాన్ గాలికి ముసలమ్మ ముసుగు జారింది.

నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు.

ప్రమీల చూడనే చూసింది.

సూర్యాపేటలో కోదాడ రోడ్డు పక్కన రేకుల మందిరం అది. ఆదివారం ఆరాధనకు వచ్చిన ఆడవాళ్లకు చాపలు పరవడం, చివర్లో వాళ్లను వరసగా పాస్టరు దగ్గరికి పంపడం ప్రమీల పని. పాస్టరు యోహాను అయ్యగారు ఒక్కొక్కరి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు.

ఈ ముసలమ్మ ఏడాదిగా వస్తోంది. కళ్ల దాకా ముసుగు లాక్కుని వెనకాల స్తంభం చాటున కూర్చుంటుంది. అయ్యగారు సాక్ష్యం చెప్పినప్పుడల్లా ఏడుస్తుంది. ప్రార్థన వరస మొదలవకముందే లేచి వెళ్లిపోతుంది.

ఆ సాక్ష్యం సంఘంలో అందరికీ కంఠతా వచ్చు.

“బాప్తిస్మం తీసుకున్న నాడు మా నాయిన నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండు. మా అమ్మ గడప దాటి బయటికి రాలే. ఒక్క మాట మాట్లాడలే. తొమ్మిదేండ్లయింది.”

అక్కడికి వచ్చేసరికి అయ్యగారు ఎప్పుడూ బైబిలు మూసేస్తారు.

ఈ ఆదివారం ముసలమ్మ వెళ్లిపోలేదు. వరసలోకి వచ్చి నిలబడింది.

ప్రమీల ఆమెను పక్కకు పిలిచింది.

“ఏ ఊరమ్మా నీది?”

“మిర్యాలగూడ దిక్కు బిడ్డా. ఆడోళ్లకు ఫ్రీ బస్సు పెట్టినంక రావట్టిన.”

“ప్రార్థన దేనికి?”

“నేనేం మాట్లాడ. నాకు ఒట్టున్నది. అయ్యగారు తల మీద చెయ్యి పెడితే సాలు.”

ఆ ఒట్టేమిటో ప్రమీల అడగలేదు. ఆమె చూపంతా బొట్టు మీదే ఉంది.

“బొట్టు తుడుసుకొని రా. అప్పుడు పంపుత.”

ముసలమ్మ చెయ్యి నుదుటి దాకా వెళ్లి ఆగింది.

“మా ఆయన ఉన్నడు బిడ్డా. మంచంల ఉన్నడు. ఆయన ఉండంగ ఎట్ల తుడుస్త?”

“నాకు లేడా మొగడు? నేను తుడుసుకోలేదా?”

అంత కటువుగా అనాలని ప్రమీల అనుకోలేదు. కానీ ఆమె అలసిపోయి ఉంది. మూడేళ్ల కింద తను బొట్టు తుడుచుకున్న రోజు అత్త వాకిట్లో కూర్చుని శోకాలు పెట్టింది. “నా కొడుకు బతికుండంగనే ముండమోసినవా” అంది. ఆ రోజు నుంచి భర్త ఉపేందర్ ఆమె వండింది ముట్టడు. ఆమె మోకరిస్తే చాలు, టీవీ సౌండు పెంచుతాడు. అంత పోగొట్టుకుని తను తుడుచుకున్న బొట్టును ఇంకొకరు దర్జాగా ఉంచుకుని ముందుకు పోతామంటే ఆమెకు ఒళ్లు మండింది.

నిజానికి ఆ నియమం అయ్యగారు పెట్టింది కాదు. ప్రమీల పెట్టిందే.

ముసలమ్మ వాదించలేదు. ముసుగు సర్దుకుని, చెప్పులు వెతుక్కుని, ఎండలో బస్టాండు వైపు నడిచింది.

ఆ తర్వాత మూడు ఆదివారాలు రాలేదు.

స్తంభం దగ్గర చాప ఖాళీగా కనిపిస్తే ప్రమీలకు మనసు చివుక్కుమనేది. తొందరపడ్డానా అనుకుంది. ముసలమ్మ మారాలని ఒక శుక్రవారం ఉపవాసం ఉంది.

“ఇయ్యాల పొయ్యి ముట్టియ్యలేదేంది?” అన్నాడు ఉపేందర్.

“ఉపవాసం. అయినా నేను వండితే నువ్వు తింటవా?”

“మందిరం కాడ అందరికీ చాపలు పరుస్తవట. ఇంట్ల నాకు ఒక్కనాడన్నా పరిచి, తిను అన్నవా?”

అతను టీవీ పెట్టాడు.

నాలుగో ఆదివారం ముసలమ్మ వచ్చింది. మనిషి సగమైంది. ఈసారి స్తంభం చాటుకు పోలేదు. నేరుగా ప్రమీల ఎదుటికి వచ్చి ముసుగు వెనక్కి తీసింది.

నుదురు బోడిగా ఉంది. చేతులకు గాజులు కూడా లేవు.

ప్రమీల కళ్లలో నీళ్లు తిరిగాయి. గాజులు తీసేంత విశ్వాసం తనకే లేకపోయింది. ఉపవాసం ఊరికే పోలేదనుకుంది.

“స్తోత్రం! తీసేసినవా అమ్మా?”

“తీసేసిన్రు బిడ్డా.”

“ఇయ్యాలన్న అయ్యగారితోని మాట్లాడుతవా?”

“మాట్లాడుత. ఇగ ఒట్టు లేదు.”

ప్రమీల ఆమె చెయ్యి పట్టుకుని వరసనంతా దాటించి ముందుకు తీసుకుపోయింది. మూడేళ్లలో ఆమెకు ఇంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

“అయ్యగారూ, ఈ అమ్మ బొట్టు తీసేసింది. దేవుడు గొప్ప కార్యం చేసిండు. చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యుండ్రి.”

అయ్యగారు కళ్లు తెరవకుండానే ముసలమ్మ తల మీద చెయ్యి పెట్టారు. రెండో చేతిలో మైకు ఉంది.

“పేరేంటమ్మా?” అని అలవాటుగా అడిగారు.

ముసలమ్మ తన తల మీది చేతిని రెండు చేతులా పట్టుకుంది.

అయ్యగారు కళ్లు తెరిచారు. ఆ ముఖం చూశారు, ఆ నుదురు చూశారు, గాజుల్లేని చేతులు చూశారు.

ఆయన మైకు దించడం మరిచిపోయారు. ఆ మాట మందిరమంతా వినిపించింది.

“అమ్మా... నాయిన ఎప్పుడు పోయిండే?”