కిటికీ పక్క సీట్లు

తెనాలి స్టేషన్లో మా ఆయన పరుగెత్తుకెళ్లి, కిటికీలోంచి తువ్వాలు విసిరి, రేపల్లె బండిలో రెండు సీట్లు పట్టేశారు. పదిన్నరకి రేపల్లెలో మా చెల్లెలి కూతురి పెళ్లి. మంగళసూత్రాలు నా సంచిలోనే ఉన్నాయి.

"పెట్టంతా మనదే వైదేహీ! చూశావా నా తువ్వాలు మహిమ?"

కూర్చోగానే ఆస్ట్రేలియా మొదలుపెట్టారు. అక్కడ మూతబడిన, చెరుకు మోసే రైలు లైన్ల మీద ఈయన పదేళ్లుగా ఇంట్లో కూర్చుని పరిశోధన చేస్తున్నారు.

"చచ్చిన లైనుని ఫోటోలో చూసి చెప్పేస్తాను. పట్టాలు తుప్పు పడతాయి, చుట్టూ తీగలు పాకుతాయి."

నేను కిటికీలోంచి కిందికి చూశాను.

"మరి మన చక్రాలకి కాకరపాదు అల్లుకుని, కాయలు కూడా కాసిందేంటండీ?"

ఆయన తొంగిచూసేలోగా అవతలి లైన్లో అసలు రేపల్లె బండి కూతేసుకుంటూ వెళ్లిపోయింది.

"అబ్బ, అచ్చం ఆస్ట్రేలియానే!" అన్నారు ఫోన్ తీస్తూ. "కాస్త పక్కకి జరుగు, ఫోటో తీసుకోవాలి."