లైన్ క్లియర్

మొదటి దెబ్బ డ్రైవర్ వేశాడు. రెండోది చైర్మన్ గారే స్వయంగా వేశారు.

సబ్‌స్టేషన్ ఆపరేటర్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. పెదవి చిట్లి చొక్కా మీదికి రక్తం కారింది. అయినా కుడిచేతి పిడికిలి విప్పలేదు. అందులో స్విచ్ తాళంచెవి ఉంది.

"నేనెవరో తెలుసా?" అన్నారు చైర్మన్ గారు.

"తెలుసు సార్. విద్యుత్ నియంత్రణ కమిషన్ చైర్మన్. మా కంపెనీ లైసెన్సు మీ చేతిలోనే ఉంది."

"మరి తాళంచెవి ఇవ్వు."

"ఇవ్వను సార్."

చైర్మన్ గారు చెడ్డవారేమీ కాదు. నిన్నటిదాకా ఈగకైనా హాని తలపెట్టి ఎరగరు. విచారణ హాల్లో లాయర్లు గొంతు చించుకుంటుంటే, పెన్నుతో బల్ల మీద టక్కుమనిపిస్తే చాలు, అందరూ కూర్చునేవారు. చార్జీలు పెరగాలన్నా, కంపెనీకి జరిమానా పడాలన్నా ఆయన మాటే మాట. ఆ మాట ఈ గదిలో చెల్లడం లేదు. అవతల నర్సింగ్‌హోమ్‌లో, నెలలు నిండకుండా పుట్టిన ఆయన మనవడు అద్దాల పెట్టెలో ఊపిరి కోసం కొట్టుకుంటున్నాడు.

మధ్యాహ్నం గాలివాన కొట్టింది. చెట్టుకొమ్మ తీగల మీద విరిగిపడి ఆ వైపంతా కరెంటు పోయింది. నర్సింగ్‌హోమ్ జనరేటర్‌లోకి నీళ్ళు వెళ్ళాయి. నర్సు రబ్బరు బుడ్డి నొక్కుతూ పసివాడికి గాలి అందిస్తోంది. ఆమె చేతులు పడిపోయేలా ఉన్నాయి. మెకానిక్ అయిన అల్లుడు జనరేటర్ విప్పి చూశాడు. "ఇది ఇప్పట్లో తేలదు మామయ్యా" అని, గుడ్డతో చేతులు తుడుచుకుని బయటికి నడిచాడు. మళ్ళీ పత్తా లేడు.

అవసరానికి అక్కరకు రాడని పెళ్ళికి ముందే కూతురికి చెప్పారు ఆయన. వింటేగా.

"ఎందుకివ్వవురా?" డ్రైవర్ ఆపరేటర్ని జుట్టు పట్టుకుని లేపాడు.

"లైన్‌మెన్లు లైన్ క్లియర్ తీసుకున్నారు. అంటే ఆ లైను మీద మనిషున్నాడు. తీసుకున్నవాడు తిరిగొచ్చి, పనైపోయింది, అందరం దిగాం అని చెప్పేదాకా స్విచ్ వెయ్యకూడదు."

"అబద్ధం సార్. వాళ్ళిద్దరూ వంతెన పక్కన టీ కొట్టులో కూర్చున్నారు. వస్తుంటే మీకు చూపించాను కదా."

చూపించాడు. చైర్మన్ గారు కళ్ళారా చూశారు. ఒకడు తీరుబడిగా బిస్కెట్ ముంచుకు తింటున్నాడు. పనైపోయిందనుకునే ఆయన ఇక్కడిదాకా పరుగెత్తుకొచ్చారు.

ఆపరేటర్ తడబడ్డాడు. ఎడమచేత్తో ఫోన్ తీసి లైన్‌మెన్‌కి చేశాడు. మోగింది, మోగింది. ఎవరూ ఎత్తలేదు.

"వాళ్ళని ఇక్కడికి తీసుకురండి సార్. ఆ ఒక్క ముక్క వాళ్ళ నోటితో చెబితే వేసేస్తాను."

"చెట్లు పడి కారు కూడా రాలేదు, నడిచొచ్చాం. మళ్ళీ వెళ్ళొచ్చేలోపు నా మనవడు ఉండడయ్యా."

"సార్, ఈ రూలు పెట్టింది మీరే. స్తంభాల మీద మావాళ్ళు పిట్టల్లా రాలిపోతుంటే మీరే ఆర్డర్ వేశారు. ఆవేళ మా ఇంటావిడ మిమ్మల్ని తలుచుకుని దణ్ణం పెట్టింది. ఇప్పుడు కంచే చేను మేస్తే ఎలా?"

"పెట్టినవాణ్ణి నేను. తీసేస్తున్నాను. ఇదే కమిషన్ ఆర్డర్ అనుకో."

"స్తంభం మీదున్నవాడికి ఆ ఆర్డర్ తెలియదు కదా సార్."

పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు వీడు. చైర్మన్ గారికి కళ్ళు బైర్లు కమ్మాయి. గోడకి ఆనించి ఉన్న ఇనుప గొట్టం ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ఆయనకే తెలియదు. మోకాలి మీద కొట్టారు. ఆపరేటర్ అరిచాడు, కూలబడ్డాడు, పిడికిలి మాత్రం వదల్లేదు. డ్రైవర్ వాడి మణికట్టు మీద బూటుకాలు వేసి తొక్కాడు. చైర్మన్ గారు వంగి ఒక్కో వేలూ వెనక్కి విరిచారు. రెండో వేలు పుటుక్కుమంది. తాళంచెవి నేల మీద పడింది.

స్విచ్ హ్యాండిల్‌కి ఎర్ర బోర్డు వేలాడుతోంది. 'లైను మీద మనుషులున్నారు' అని. ఆయన దాన్ని పీకి అవతల పారేశారు. ఆపరేటర్ పాక్కుంటూ వచ్చి ఆయన కాలు రెండు చేతులా చుట్టేశాడు.

"వద్దు సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను."

ఆయన తన్నారు. మొహం మీద తగిలింది. తాళం తిప్పి హ్యాండిల్ పైకెత్తారు.

ధన్‌మంది. మీటరు ముల్లు ఎగిరిపడి, కాసేపు కొట్టుకుని కుదురుకుంది. రోడ్డవతల దుకాణంలో ట్యూబులైటు ఒకసారి రెపరెపలాడి నిలబడింది. వీధిలో ఎవరో ఈల వేశారు.

చైర్మన్ గారు అక్కడే నేల మీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చారు. తన రుమాలు తీసి ఆపరేటర్ మూతి మీద రక్తం తుడవబోయారు.

"నిన్ను నేనే ఆస్పత్రికి తీసుకెళ్తాను. ఏమీ అనుకోకు. తాతనయ్యా, ఏం చెయ్యను?"

ఆపరేటర్ ఆ ముల్లు వైపే చూస్తున్నాడు.

చైర్మన్ గారి ఫోన్ మోగింది. కూతురు. నవ్వో ఏడుపో తెలియని గొంతు.

"నాన్నా, కరెంటొచ్చింది. బాబుకి మెషిన్ పెట్టేశారు, గండం గడిచిందంటున్నారు డాక్టరు గారు."

"నా తల్లే" అన్నారు ఆయన కళ్ళు తుడుచుకుంటూ.

"ఎందుకూ పనికిరాడని ఆయన్ని అంటావు కదా నాన్నా, పొద్దుటినుంచీ పని చేసి లైన్‌మెన్ల చేతులు వణికిపోతున్నాయని వాళ్ళని టీకి పంపి, కొమ్మ తియ్యడానికి తనే స్తంభం ఎక్కుతున్నానని ఇందాక ఫోన్ చేశారు, చూడు, అన్నట్టే కరెంటు తెప్పించేశారు."