సుద్దగీతల తాత

సెల్లారులో, ఐదంతస్తుల ఆసుపత్రిని మోస్తున్న ఆరడుగుల మందం స్లాబు అంచున, ఏటవాలుగా నాణెం దూరేంత పగులు కనిపించింది.

తనిఖీకొచ్చిన ఇంజనీరమ్మ టార్చి వెలుగు పగులు వెంట పైకి పాకింది.

వేలి మందానికొకటి చొప్పున అడ్డంగా సుద్దగీతలు. పక్కనే తేదీలు.

"ఇవెవరు గీశారు?"

వాచ్‌మన్ నవ్వాడు. "సుద్ద తాత, మేడమ్. కాస్త తిక్క. రెండేళ్ళుగా నెలనెలా వచ్చి గీసేవాడు. గోడలు ఖరాబు చేస్తున్నాడని మేనేజరు గారు గోల పెడితే, పోయిన నెల సుద్దముక్క లాక్కుని బయటికి సాగనంపా."

ఆమె చివరి గీత చూసింది. పగులు దాన్ని దాటి చాలా పైకి పోయింది.

"రెండేళ్ళలో మూరెడు. ఈ ఒక్క నెల్లో ఇంకో మూరెడు. పైన ఎంతమంది ఉన్నారు?"

"నూట ఇరవై మంది రోగులు, మేడమ్."

"అందర్నీ దించాలి. ఇప్పుడే!"

వాచ్‌మన్ నవ్వు ఎటో పోయింది.

సాయంత్రానికి ఆసుపత్రి ఖాళీ అయింది. రోడ్డు పొడుగునా స్ట్రెచర్లు. సెలైన్ సీసాలు ఎత్తి పట్టుకున్న బంధువులు.

అరిచి అరిచి ఇంజనీరమ్మ గొంతు బొంగురుపోయింది. కాళ్ళు లాగేస్తున్నాయి.

"అడుగో మేడమ్, తాత. నెల్లాళ్ళుగా అక్కడే కూర్చుంటున్నాడు."

గేటుకెదురుగా, మూసిన కొట్టు మెట్టు మీద ముసలాయన.

వాచ్‌మన్ జేబులోంచి సుద్దముక్క తీశాడు. "తప్పయిపోయింది తాతా. తీసుకో."

"ఇంకెందుకు నాయనా."

ఆమె పక్కనే చతికిలబడింది.

"నెల ముందు తెలిసుంటే బిగించి నిలబెట్టేవాళ్ళమండీ. ఇక కూల్చక తప్పదు. అంత మందానికి లోపల నిలువు కడ్డీ ఒక్కటి లేదు. డిజైను చేసిన మహానుభావుడెవడో గానీ!"

ఆమె ఆయన వైపు తిరిగింది.

"ఇంత తెలిసినవారు, ఎవరికైనా చెప్పాల్సింది కదా?"

"ముగ్గురు మేనేజర్లకు చెప్పానమ్మా. 'చెప్పడానికి నువ్వెవరు?' అనేవారు. అక్కడే నా నోరు పడిపోయేది."

"ఇంతకీ మీరెవరు?"

ఆయన స్ట్రెచర్ల వైపు చూశాడు.

"అడుగు మందం దిమ్మెలు విరగ్గొట్టి చూసి, ఆరడుగులదైతే ఆరు రెట్లు మోస్తుందని లెక్కేశాను. మందం పెరిగినంతగా బలం పెరగదని రిటైరయ్యాక తెలిసింది. నిలువు కడ్డీలు అక్కర్లేదని సంతకం పెట్టిన ఆ మహానుభావుణ్ణి నేనేనమ్మా."