ఓడ ఆగదట

“ఖచ్చితంగా ఆగదా?” అని తల్లి మూడోసారి అడిగింది.

ఓడలో టూర్ల కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి ఓపిగ్గా నవ్వింది. “మా టూర్ టికెట్ కొంటే మీరు ఎంత ఆలస్యంగా వచ్చినా ఓడ ఆగుతుందమ్మా. బయట దళారుల దగ్గర కొన్నవాళ్ళ కోసం మాత్రం ఆగదు. సాయంత్రం అయిదింటికి మెట్లు తీసేస్తారు. ఆ తర్వాత మీ తిప్పలు మీవి.”

“అయ్యో రాత! ఏడ్చి మొత్తుకున్నా ఆగదా?”

“ఆగదు.”

తల్లి మెడ మీద చెమట తుడుచుకుంది. వెనక నుంచి అల్లుడు పకపకా నవ్వాడు. అత్తగారికి అతను పెట్టిన పేరు ‘ఏమోనమ్మ’. ఏమవుతుందో ఏమో అనకుండా ఆవిడ మాట పూర్తి కాదు. ఓడ ఎక్కిన రోజే, మునిగితే ముందు ఏ వైపు మునుగుతుందని భోజనాల దగ్గర వడ్డించేవాణ్ణి అడిగింది.

“ఇంత భయం ఉన్నవారు ఫోన్‌లో బేరమాడి బయటివాడి దగ్గర టూర్ ఎందుకు కొన్నారు అత్తయ్యగారూ? పొద్దున్నించీ ఆ టూర్ వ్యాన్ డ్రైవర్‌కి ఫోన్ల మీద ఫోన్లు! బండికి బ్రేకులున్నాయా, స్టీరింగ్ ఉందా అనా?”

“చవగ్గా వస్తోందని కొనేశాను బాబూ. ఇప్పుడు డబ్బు వెనక్కి ఇవ్వడట. మీరూ వస్తే ధైర్యంగా ఉండేది. ఏం చేస్తాం, రెండే సీట్లు మిగిలాయన్నాడు.”

అల్లుడి మనసు అప్పటికే కింది అంతస్తులోని పేకాట బల్ల మీద ఉంది. రావాలని అతనికీ లేదు.

“దారిలో పోలీసులు ఆపి పాస్‌పోర్ట్ అడిగితే?” అంది తల్లి. “ఊరు కాని ఊరు. లోపల వేసేస్తారో ఏమో. అమ్మాయిదేమో మీ పెట్టెలో ఉందాయె.”

“అబ్బబ్బ, తాడును చూసి పామనే రకం! ఇదిగో, పట్టుకుపోండి.” భార్య పాస్‌పోర్ట్ తెచ్చి ఆవిడ సంచిలో పడేశాడు. తర్వాత భార్య వైపు తిరిగి చూపుడువేలు ఎత్తాడు. పెదవుల మీద నవ్వు అలాగే ఉంది. “అయిదింటికి గదిలో ఉండాలి. తెలిసిందా?”

కూతురు తల ఊపింది. అంత ఉక్కలోనూ మణికట్టు దాకా చేతులున్న చొక్కా వేసుకుంది. ఎండ పడదని అందరికీ చెబుతుంది. ఆమె ఫోన్ భర్త జేబులో ఉంది. బయటి ఊళ్ళో వాడితే బిల్లు వాచిపోతుందట.

రేవు గేటు బయట ఒక పాత తెల్ల వ్యాన్ ఉంది. లోపల సీట్లన్నీ ఖాళీ.

“మిగతావాళ్ళేరి?” అంది కూతురు.

“ఎవరూ లేరు. ఎక్కండి,” అన్నాడు డ్రైవర్. నల్లకళ్ళద్దాలు తియ్యలేదు.

కూతురు భయంతో తల్లి చెయ్యి పట్టుకుంది.

డ్రైవర్ కొండ మీది పాత దీపస్తంభం చూపించాడు. తర్వాత జలపాతం. కూతురి కంటికి ఏదీ ఆనలేదు. ఎవరి చేతికి గడియారం కనిపించినా టైమెంతని అడుగుతూనే ఉంది. తల్లి సంచిని ఒళ్ళోంచి దించలేదు. అందులో ఇద్దరి పాస్‌పోర్ట్‌లు, మందులు, మార్చుకోవడానికి బట్టలు. వెళ్ళేది ఒక్క పూటకైనా కీడెంచి మేలెంచాలంటుంది ఆవిడ.

తిరుగుదారిలో వ్యాన్ పెద్ద రోడ్డు వదిలి మట్టిదారి పట్టింది.

“ఇటెక్కడికి? మనం వచ్చింది ఇటు కాదు!”

“అడ్డదారమ్మా.” డ్రైవర్ అద్దంలోంచి వెనక్కి చూశాడు. తల్లి గబుక్కున చూపు దించుకుంది.

ఒక మలుపులో వ్యాన్ ఆగిపోయింది. చుట్టూ ముళ్ళపొదలు. ఇల్లు లేదు, మనిషి అలికిడి లేదు. డ్రైవర్ దిగి బానెట్ ఎత్తాడు. పనిముట్టు ఒక్కటీ బయటికి తియ్యలేదు. చేతులు కట్టుకుని, దేనికోసమో కాచుకున్నట్టు నిలబడ్డాడు.

“తొందరగా కానీ నాయనా! ఓడ మాకోసం ఆగదు!” తల్లి కిందికి దిగి గొంతు చించుకుంది.

“ఇంజన్ చల్లారాలి.”

కూతురు మలుపు చివరిదాకా పరుగెత్తింది. దూరంగా, కింద రేవులో, సబ్బుబిళ్ళంత ఓడ.

“అమ్మా, ఆయనకి ఫోన్ చెయ్యి!”

“ఛార్జింగ్ అయిపోయిందే తల్లీ. నా మతి మండ!”

అంతలో ఒక లారీ వచ్చింది. కూతురు ఆపమని చెయ్యెత్తింది. తల్లి ఆ చెయ్యి పట్టి కిందికి లాగింది. మోచేతి పైన పట్టుకుంది కాబోలు, కూతురు అబ్బా అని విలవిల్లాడింది.

“ఎవడో ఏమిటో! ఎక్కాక ఎక్కడికి తీసుకుపోతాడో ఏమో!”

లారీ దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయింది.

“ఇక్కడుంటే మాత్రం? ఆలస్యమైతే ఆయన చంపేస్తారమ్మా. నీకు తెలీదు.”



ఓడ కూత కొండల్లో మోగింది. మరోసారి మోగింది. సబ్బుబిళ్ళ మెల్లగా గట్టు నుంచి విడిపోయి, నీళ్ళలో సన్నటి తెల్లగీత గీసుకుంటూ పోయింది. కూతురు ఆ దుమ్ములోనే కూలబడింది.

“అయిపోయింది,” అంది. “అంతా అయిపోయింది.”

డ్రైవర్ నల్లకళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. వాళ్ళ వైపు నడిచాడు.

తల్లి కూతురి పక్కన చతికిలబడి, ఆమె చొక్కా చెయ్యి మెల్లగా పైకి మడిచి, నల్లగా కమిలిన అయిదు వేళ్ళ గుర్తుల మీద తన అరచెయ్యి ఆనించి, డ్రైవర్‌తో అంది: “చెప్పినట్టే ఆపావు నాయనా, ఇక బానెట్ దించి విమానాశ్రయానికి పోనియ్.”